ఇంటి పక్కన సెల్ టవర్, చేతిలో ఫోన్: మా బిడ్డ ఆందోళనకు కారణం రేడియేషనేనా?

మర్రిగూడ తండ్రి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది మర్రిగూడ మండలంలోని ఒక చిన్న ఊరు. బిడ్డ చదువు కోసం రెండేళ్ల క్రితం నల్లగొండకు వచ్చి ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. ఆమె ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతూ నీట్‌కు సిద్ధమవుతున్నది. చిన్నప్పటి నుంచి ధైర్యంగా ఉండే పిల్ల, నాలుగు నెలలుగా గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. పడుకునే వేళకు గుండె దడగా ఉన్నదని, అరచేతులు చెమట పడుతున్నాయని, తల బరువెక్కిందని చెబుతున్నది. ఒక్కోసారి అర్ధరాత్రి నా మంచం దగ్గరికి వచ్చి నిలబడి "నాయినా, నాకు ఎట్లనో అయితుంది" అంటుంది. ఏమవుతున్నదమ్మా అని అడిగితే చెప్పలేక ఏడుస్తుంది. చదివినది గంటసేపు కూడా గుర్తుండడం లేదట.

సరిగ్గా ఆ సమయానికి కొంచెం ముందే మా ఇంటికి రెండిళ్ల అవతల డాబా మీద సెల్ టవర్ నిలబెట్టారు. బిడ్డ చదువుకునే గది కిటికీ తెరిస్తే ఎదురుగా అదే కనిపిస్తుంది. ఇది మొదలైన తరువాతే బంధువు ఒకరు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. ఫోన్ తరంగాలు మెదడును లోపలి నుంచి ఉడికిస్తాయని, పిల్లలలో భయం, మతిమరుపు వాటి వల్లనే వస్తాయని అందులో చెప్పారు. ఆ వీడియో నేనూ చూశాను, నా భార్యా చూసింది, బిడ్డ కూడా చూసింది. మరునాడే ఒక దుకాణంలో రేడియేషన్‌ను ఆపుతుందని చెప్పిన స్టిక్కర్లు 650 రూపాయలకు ఒకటి చొప్పున రెండు కొని, ఇంట్లోని ఫోన్లలో రెండింటి వెనుక అతికించాను. బంగారు రంగు గీతలున్న ఆ స్టిక్కర్ అంచు వారం తిరగకముందే లేచిపోయింది. బిడ్డ దడ మాత్రం తగ్గలేదు.

చదువుకున్నవారు ఇలాంటి భయాలను తేలికగా తీసివేస్తారని నాకు తెలుసు. అయితే నేను ఎందుకు భయపడుతున్నానో కూడా చెప్పాలి. మా అమ్మ నలభై ఏళ్లకే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుము వంగి, చివరి పదిహేనేళ్లు నేలను చూస్తూనే నడిచింది. ఆ బావి నీళ్లు చూడడానికి తేటగానే ఉండేవి. కంటికి కనబడనిది ఎముకను వంచగలదని ఇంట్లోనే చూసినవాడిని కనుక, కనబడని తరంగం మెదడును ఏమీ చేయదని ఎవరైనా అంటే వెంటనే నమ్మలేకపోతున్నాను. మొబైల్ తరంగాల వల్ల మెదడుకు నిజంగా హాని ఉన్నదా, మా బిడ్డ ఆందోళనకు అవే కారణమా, పరీక్షలు దగ్గరపడుతున్న ఈ సమయంలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లడం మంచిదా అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జడ్చర్ల టవర్ టెక్నీషియన్:

అన్నగారూ, నేను పద్నాలుగేళ్లుగా సెల్ టవర్ల నిర్వహణలో పనిచేస్తున్నాను. షాద్‌నగర్ నుంచి ఆలంపూర్ వరకు నేను ఎక్కని టవర్లు తక్కువ. బిడ్డ ఆరోగ్యం గురించి డాక్టర్లే చెప్పాలి. తరంగాల గురించి మాత్రం నా పనిలో నేర్చుకున్నది చెబుతాను.

టవర్ మీది యాంటెన్నా నుంచి వెలువడే తరంగాలు వానలాగా నేరుగా కిందికి పడవు. టార్చిలైటు వెలుగులాగా ఎదురుగా, కొద్దిగా కిందికి వాలి సాగుతాయి. అందుకే టవర్ నిలబెట్టిన డాబా కింద నివసించేవారికి తరంగాల తీవ్రత చాలా తక్కువగా ఉంటుంది. ఎదురుగా ఉన్న ఇళ్లకైనా, దూరం రెట్టింపయ్యే కొద్దీ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతూ ఉంటుంది. చెవికి ఆనించిన ఫోన్‌కూ తలకూ మధ్య ఉన్న దూరం వేలెడు కూడా లేదు. యాంటెన్నా ఉన్నది ఎన్నో గజాల అవతల. కాబట్టి మనం మాట్లాడుతున్నప్పుడు తలకు అందే తరంగాలలో చాలా ఎక్కువ భాగం చేతిలోని ఫోన్ నుంచే వస్తుంది.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. ఫోన్ ఎల్లప్పుడూ ఒకే బలంతో తరంగాలను పంపదు. పక్కనున్న మనిషితో మెల్లగా మాట్లాడి, చేను అవతలి గట్టు మీద ఉన్న మనిషిని గొంతెత్తి పిలిచినట్టే, టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ తన బలాన్ని తగ్గించుకుంటుంది, దూరంగా ఉంటే పెంచుకుంటుంది. 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది 0.2 వాట్లు, సిగ్నల్ బాగా ఉన్నచోట అందులో వెయ్యో వంతుతోనే పని జరిగిపోవచ్చు. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి ప్రవేశించిన తరువాత మీ ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ త్వరగా దిగిపోవడం గమనించే ఉంటారు. అక్కడ సిగ్నల్ అందక అది తన శక్తినంతా పెట్టి టవర్‌ను వెతుకుతూ ఉంటుంది. అంటే ఆ టవర్ మీ నెట్‌వర్క్‌దే అయితే, అది మీ ఇంటి దగ్గరికి రావడం వల్ల మీ బిడ్డ ఫోన్ మునుపటి కంటే తక్కువ బలంతో పనిచేస్తున్నదన్నమాట. ఈ మాట మీకు తలకిందులుగా అనిపించవచ్చు, కానీ జరిగేది అదే.

స్టిక్కర్ల విషయంలో మీ డబ్బు పోయినందుకు బాధగా ఉన్నది. ఆ స్టిక్కర్ అతికించిన తరువాత కూడా ఫోన్ మునుపటిలాగే మోగుతున్నదంటే, సిగ్నల్ గీతలు తగ్గలేదంటే, అది దేనినీ ఆపడం లేదని అర్థం. ఒకవేళ నిజంగానే తరంగాలను కొంత అడ్డుకుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఫోన్ మరింత బలంగా తరంగాలను పంపుతుంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఇలాంటి వస్తువుల గురించి ప్రజలను ఇదే కారణంతో హెచ్చరించింది. రెండింటినీ పీకి పారవేయండి.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ తరంగాల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. ఫోన్ల విషయంలో శరీరం గ్రహించే శక్తి, ఒక గ్రాము కణజాలానికి సగటు కట్టినప్పుడు, కిలోకు 1.6 వాట్లు దాటకూడదన్న నిబంధన కూడా అప్పటి నుంచే ఉన్నది. మీ ఫోన్‌లో *#07# నొక్కితే ఆ విలువ తెర మీద కనిపిస్తుంది. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్లు నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో చూడవచ్చు. రుసుము కడితే సిబ్బంది మీ ఇంటికే వచ్చి కొలిచి చూపిస్తారు. మనసుకు నెమ్మది కావాలంటే ఆ పని చేయించండి.

ఒక్క విషయంలో మాత్రం టవర్‌ను నేను వెనకేసుకు రాను. కరెంటు పోయినప్పుడు నడిచే డీజిల్ జనరేటర్ మోత, దాని పొగ, రాత్రంతా ఆగని ఫ్యాన్ల హోరు పక్కింటివారి నిద్రను నిజంగానే పాడుచేస్తాయి. మీ బిడ్డ గది కిటికీ అటువైపే ఉన్నదన్నారు. ఆ మోత వినిపిస్తుంటే వెంటనే ఫిర్యాదు చేయండి, మెత్తబడవద్దు.


అచ్చంపేట రైతుబిడ్డ:

టెక్నీషియన్ తమ్ముడు చెప్పినది అర్థమైంది గానీ, నాకు పూర్తి సమాధానం దొరకలేదు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు రేడియేషన్ వల్ల తరతరాలు దెబ్బతింటాయని చెంచుల గూడేలైన పెంటల నుంచి పట్టణం దాకా అందరం కలిసి నిలబడ్డాము. చివరికి శాసనసభ కూడా దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అప్పుడు ప్రమాదమైన రేడియేషన్ ఇప్పుడు జేబులో పెట్టుకుంటే ప్రమాదం కాకుండా ఎలా పోతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే 2011లో మొబైల్ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న జాబితాలో చేర్చింది. అమెరికా ప్రభుత్వం ఎలుకల మీద చేయించిన పరీక్షలలో కణితులు వచ్చినట్టు 2018లో తేలింది. రుజువు ఇంకా రాలేదన్న మాటకూ, హాని లేదన్న మాటకూ చాలా తేడా ఉన్నది. ఎదిగే పిల్లల విషయంలో ఆ తేడాను మరిచిపోవద్దని నా మనవి.


పాలమూరు సైకియాట్రిస్టు:

మర్రిగూడ అన్నగారికి, అచ్చంపేట అన్నగారికి నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో మానసిక వైద్యురాలిగా పనిచేస్తున్నాను. మీ ఇద్దరి భయాన్నీ నేను తేలికగా తీసుకోవడం లేదు. ఫ్లోరైడ్‌నూ యురేనియంనూ ఎదుర్కొన్న ప్రాంతంలో ఈ అనుమానం రావడమే సహజం.

యురేనియం నుంచి వెలువడే వికిరణానికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఉన్నది. అది జన్యుపదార్థాన్ని నేరుగా తెంచగలదు. మొబైల్ తరంగాల పౌనఃపున్యం, అంటే సెకనుకు అవి కంపించే లెక్క, మన కంటికి కనిపించే వెలుతురు కంటే లక్ష రెట్లకు పైగా తక్కువ. అందుకే రసాయన బంధాన్ని తెంచే శక్తి వాటికి లేదు. కణజాలాన్ని అతి స్వల్పంగా వేడి చేయడం మాత్రమే వాటి విషయంలో నిర్ధారణ అయిన ప్రభావం. రెండింటినీ మనం రేడియేషన్ అనే ఒకే మాటతో పిలుస్తున్నాము, గందరగోళమంతా అక్కడే పుడుతున్నది.

2011 నాటి వర్గీకరణ నిజమే. ఆ వర్గం పేరు 2బి. హాని చేస్తుందని తేలినవి అందులో ఉండవు. హాని చేసే అవకాశాన్ని అప్పటికి పూర్తిగా తోసిపుచ్చలేనివి ఉంటాయి. కలబంద పూర్తి ఆకు సారం కూడా అదే వర్గంలో ఉన్నది. ఆ నిర్ణయానికి ముఖ్య ఆధారాలలో ఒకటి, 13 దేశాలలో జరిగి 2010లో వెలువడిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. మొత్తం మీద ప్రమాదం పెరగలేదని, అయితే జీవితంలో 1,640 గంటలకు మించి మాట్లాడినట్టు చెప్పిన వర్గంలో మాత్రం ఒక రకం మెదడు కణితి కొంత ఎక్కువగా కనిపించిందని, పాత వాడకాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పించడం వల్ల ఆ అంకెను గట్టిగా నమ్మలేమని ఆ పరిశోధకులే రాశారు. ఆ తరువాత, జబ్బు వచ్చాక పాత వాడకాన్ని గుర్తు చేసుకుని చెప్పించడం మీద ఆధారపడని అధ్యయనాలు వచ్చాయి. డెన్మార్క్‌లో 3,58,000 మందికి పైగా చందాదారుల వివరాలను క్యాన్సర్ రిజిస్టర్‌తో పోల్చి చూశారు. బ్రిటన్‌లో 7,76,000 మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఐదు ఐరోపా దేశాలలో రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న కాస్మోస్ అధ్యయనం 2024లో వెలువడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష కూడా అదే సంవత్సరం వచ్చింది. వీటిలో దేనిలోనూ మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. ఎలుకల విషయానికి వస్తే, వాటి శరీరమంతటికీ రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ల పాటు, మనుషులకు అనుమతించిన పరిమితిని మించిన తరంగాలు ఇచ్చారు. మగ ఎలుకల గుండెలో కణితులు కనిపించాయి. అయినా తరంగాలకు గురైన మగ ఎలుకలు గురికాని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. ఆ ఫలితాన్ని మన జేబులోని ఫోన్‌కు యథాతథంగా వర్తింపజేయలేము.

మెదడు ఈ తరంగాలను అసలే పట్టించుకోదని కూడా నేను అనను. 2011లో అమెరికాలో 47 మందిపై చేసిన ప్రయోగంలో, 50 నిమిషాల పాటు చెవి దగ్గర ఫోన్ ఆన్‌లో ఉంచితే యాంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో గ్లూకోజు వినియోగం సుమారు 7 శాతం పెరిగింది. మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ తీసినప్పుడు, మెదడు స్వయంగా పుట్టించే ఆల్ఫా తరంగాలలో స్వల్ప మార్పులు కూడా అనేక ప్రయోగశాలలలో కనిపించాయి. ఇవి మార్పులు, వీటి వల్ల జబ్బు వచ్చినట్టు మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. ఆ మాత్రం అనుమానానికి కూడా తావు వద్దనుకుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గానీ స్పీకరులో గానీ మాట్లాడండి, సిగ్నల్ లేనిచోట ఎక్కువసేపు మాట్లాడకండి. అచ్చంపేట అన్నగారు కోరే జాగ్రత్తకు ఇంతకు మించి ఖర్చు లేదు.

అమ్మగారి విషయం చదివినప్పుడు నాకు మాట రాలేదు. ఫ్లోరైడ్‌ను ఎలా పట్టుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, మీ ప్రాంతపు బావులలో దానికి అనేక రెట్లు ఉండేది. నీటిలో ఎంత ఎక్కువ ఉంటే ఆ ఊరి పిల్లల పళ్లపై గార అంత ఎక్కువ, పెద్దల ఎముకలు అంత వంకర. ఎక్స్‌రేలో కనిపించింది, నీటి పరీక్షలో కనిపించింది, నీరు మారిస్తే కొత్తగా పుట్టిన పిల్లల పళ్లలో తేడా కనిపించింది. పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ నల్లగొండ పేరే పెట్టింది. మోతాదు పెరిగితే హాని పెరగడం, తీసివేస్తే తగ్గడం అన్నది నిజమైన విషానికి గుర్తు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995లో జరిగింది. ఇన్నేళ్లలో, ఇన్ని కోట్ల మందిలో, మొబైల్ తరంగాల విషయంలో అలాంటి గుర్తు దొరకలేదు.

ఇక బిడ్డ ఆందోళన గురించి. తరంగాలు తగిలితే తమకు దడ, తలనొప్పి వస్తాయని గట్టిగా నమ్మేవారిపై, తరంగాలు ఎప్పుడు ఉన్నాయో వారికీ ప్రయోగం చేసేవారికీ తెలియకుండా 46 ప్రయోగాలు జరిగాయి. మొత్తం 1,175 మంది పాల్గొన్నారు. తరంగాలు ఉన్నప్పుడూ లేనప్పుడూ వారి బాధలో నిలకడైన తేడా కనిపించలేదు. వారి బాధ అబద్ధం కాదు. దడ నిజం, చెమట నిజం. కారణం మాత్రం తరంగం కాదు, భయం. లండన్‌లో 147 మందిని తీసుకుని, కొందరికి వైఫై ప్రమాదమని చెప్పే టీవీ కార్యక్రమం, మిగిలినవారికి వేరే కార్యక్రమం చూపించారు. తరువాత వైఫైకి గురిచేస్తున్నామని చెప్పి పావుగంట కూర్చోబెడితే, సగానికి పైగా మంది ఏవో లక్షణాలు చెప్పారు. నిజానికి అక్కడ వైఫై లేనే లేదు. భయం కలిగించే కార్యక్రమం చూసి, ముందే ఆందోళన పడే స్వభావం ఉన్నవారిలో లక్షణాలు మరింత ఎక్కువయ్యాయి. మీ ఇంట్లో ఆ వీడియోను బిడ్డ కూడా చూసిందని రాశారు, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కిటికీ తెరిచిన ప్రతిసారీ ఆ పిల్లకు ఏమి గుర్తుకు వస్తుందో ఆలోచించండి.

ఫోన్‌కు ఇందులో పాత్ర లేదని కాదు. ఉన్నది, కానీ తరంగాల దారిలో కాదు, నిద్ర దారిలో. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒక రాత్రి పూర్తిగా నిద్ర లేనివారిలో, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం బాధాకరమైన చిత్రాలకు సుమారు 60 శాతం ఎక్కువగా స్పందిస్తుందని 2007లో గుర్తించారు. రాత్రి వెలుగు విరజిమ్మే తెర మీద చదివితే నిద్రను పిలిచే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. వెలుగు కంటే కూడా, ఆ తెర మీద వచ్చే సమాచారమే ఎక్కువ చెరుపు చేస్తుందని నా అనుభవం. ఫోన్ మోగిన శబ్దం విని, దానిని ముట్టుకోకపోయినా, చేస్తున్న పనిలో తప్పులు పెరుగుతాయని 2015లో ఒక ప్రయోగం చూపింది. మీ బిడ్డ రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ పక్కన పెడుతున్నది, ఆ సమయంలో ఏమి చూస్తున్నది అని కోప్పడకుండా అడిగి తెలుసుకోండి.

అలాగని ఫోన్ లాక్కుంటే అంతా సర్దుకుంటుందనీ అనుకోవద్దు. బ్రిటన్, అమెరికాలలో మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయసు పిల్లల వివరాలు పరిశీలిస్తే, వారి మానసిక క్షేమంలోని తేడాలలో డిజిటల్ వాడకం వివరించగలిగినది 0.4 శాతానికి మించలేదు. పరీక్ష భయం, ఇంటి నుంచి ఆశించే ర్యాంకు, రక్తహీనత, థైరాయిడ్, రాత్రి మేలుకోవడానికి తాగే టీ కూడా ఇదే దడను తెస్తాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, ఒకసారి మానసిక వైద్యులకు చూపించండి. ఆందోళనకు మంచి చికిత్స ఉన్నది. చాలామంది పిల్లలకు మందుల కంటే ముందు మాటలతో చేసే చికిత్సే సరిపోతుంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవలో ఏ వేళనైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట బిడ్డ నోట ఎప్పుడైనా వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇల్లు మారవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.


మర్రిగూడ తండ్రి:

డాక్టరమ్మగారూ, మీరు చెప్పినట్టు నిన్న రాత్రి బిడ్డ పక్కన కూర్చుని అడిగాను. మొదట ఏమీ లేదన్నది. కొంతసేపటికి తానే ఫోన్ నా చేతిలో పెట్టింది. కోచింగ్ వారి వాట్సాప్ గ్రూపులో వారానికి మూడు పరీక్షల ర్యాంకులు రాత్రి పదకొండున్నర తరువాత పెడుతున్నారు. ఎవరి పేరు ఎక్కడ ఉన్నదో అందరికీ కనిపిస్తుంది. ఆ జాబితా వచ్చేదాకా దుప్పటి కప్పుకుని, ఫోన్ దిండు కింద పెట్టుకుని, అది కదిలిందా అని చేతితో తడుముతూ ఉంటుందట. కదలకపోయినా కదిలినట్టే అనిపిస్తుందట. జాబితా చూసిన తరువాత స్నేహితురాళ్లతో ఒంటిగంట, ఒంటిగంటన్నర దాకా మెసేజ్‌లు. ఉదయం ఐదింటికి మళ్లీ లేవాలి. నాలుగు నెలలుగా నా బిడ్డ మూడు నాలుగు గంటలే నిద్రపోతున్నదని పక్క గదిలో ఉన్న నాకు తెలియలేదు. నేను మాత్రం టవర్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ రోజు నుంచే ఫోన్ తీసుకుందామని అనుకుంటున్నాను, సరేనా?


కల్వకుర్తి హాస్టల్ వార్డెన్:

అన్నయ్యగారూ, మధ్యలో వచ్చి చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఆడపిల్లల హాస్టల్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక ఏడాది నేను అకస్మాత్తుగా అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులకే పిల్లలు రహస్యంగా రెండో ఫోన్ తెచ్చుకుని, బాత్రూములో కూర్చుని చూడడం మొదలుపెట్టారు. అంతకు ముందు వరండాలో వెలుతురులో చూసేవారు, నా వల్ల చీకటిలో, భయంతో చూడవలసి వచ్చింది. బొంబాయి, పుణెకు పనికి పోయిన అమ్మానాన్నలతో రాత్రి పూట మాట్లాడుకునే పిల్లల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది. వారికి ఆ ఫోనే ఇల్లు.

తరువాతి ఏడాది పిల్లలనే కూర్చోబెట్టి వేళ నిర్ణయించుకోమన్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఇళ్లకు మాట్లాడడం ముగించి, పదింటికి అందరి ఫోన్లూ, నా ఫోన్‌తో సహా, ఆఫీసు గదిలోని టేబుల్ మీద ఛార్జింగుకు పెట్టాలని వారే రాసుకున్నారు. నా ఫోన్ కూడా అక్కడ ఉండడం చూశాకనే వారు మాట నిలబెట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. మీ ఇంట్లోనూ ముగ్గురి ఫోన్లూ ఒకే చోట పెట్టండి. అలారం కోసం ఫోన్ కావాలంటుంది, దానికి గడియారం కొనివ్వండి. ర్యాంకుల జాబితా సంగతి మాత్రం పిల్ల చేతిలో లేదు, అది మీరే వెళ్లి మాట్లాడవలసిన విషయం.


పాలమూరు సైకియాట్రిస్టు:

వార్డెన్ అమ్మగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దిండు కింద ఫోన్ కదలకపోయినా కదిలినట్టు అనిపించడం చాలామందికి జరిగేదే. ఏదో వస్తుందని శరీరమంతా ఎదురుచూస్తున్నప్పుడు చర్మం మీది చిన్న కదలికను కూడా మెదడు ఫోన్‌గా పొరబడుతుంది. అది మెదడు దెబ్బతిన్నదనడానికి గుర్తు కాదని బిడ్డకు స్పష్టంగా చెప్పండి. ఛార్జింగులో ఉన్న ఫోన్‌ను దిండు కింద పెట్టడం మాత్రం వేడి వల్ల మంటలు అంటుకునే ప్రమాదం ఉన్న పని, ఈ రాత్రి నుంచే మానిపించండి. మొదటి వారం నిద్ర వెంటనే రాకపోవచ్చు, లేచి దడగా ఉన్నదని మళ్లీ మీ దగ్గరికి రావచ్చు. అప్పుడు ఏమీ కాదని తీసివేయకుండా, పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదలమని చెప్పండి. పీల్చే దానికంటే వదలడానికి ఎక్కువ సమయం తీసుకోవాలి.


మర్రిగూడ తండ్రి:

మూడు వారాలైంది, అడిగినవారందరికీ చెప్పవలసిన బాధ్యత నాకు ఉన్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది, థైరాయిడ్ సరిగ్గానే ఉన్నది. ఐరన్ మాత్రలు రాశారు, వాటితో పాటు టీ తాగవద్దన్నారు. మానసిక వైద్యులు రెండుసార్లు బిడ్డతో విడిగా మాట్లాడారు. మందు అవసరం ప్రస్తుతానికి లేదని, వారానికి ఒకసారి రమ్మని చెప్పారు. ర్యాంకుల జాబితా ఉదయం తరగతిలో ఎవరిది వారికే చెప్పమని కోచింగ్‌లో అడిగాను. మొదట ఒప్పుకోలేదు. మరో ఐదుగురు తల్లిదండ్రులను వెంట తీసుకుని రెండోసారి వెళ్లిన తరువాత, రాత్రి పూట పెట్టడం మానుతామన్నారు. అందరి పేర్లూ పెట్టడం మాత్రం ఇంకా మానలేదు, దాని కోసం మళ్లీ వెళ్లాలి.

క్లాక్ టవర్ సెంటర్‌లో ఒక అలారం గడియారం కొన్నాను. పదింటికి మా ముగ్గురి ఫోన్లూ హాలులో టీవీ పక్కన పెడుతున్నాము. మొదటి నాలుగు రోజులు అందరి కంటే ఎక్కువగా ఇబ్బంది పడింది నేనే. బిడ్డ ఇప్పుడు పదకొండు లోపు నిద్రపోతున్నది. అర్ధరాత్రి నా మంచం దగ్గరికి ఈ వారంలో ఒక్కసారే వచ్చింది, అదీ పరీక్షకు ముందు రోజు. టవర్ జనరేటర్ మోత గురించి టెక్నీషియన్ తమ్ముడు చెప్పినట్టు ఫిర్యాదు ఇచ్చాను. నిన్న బిడ్డ తానే కిటికీ తెరుచుకుని, బల్లను దాని కిందికి జరుపుకుని చదువుకుంటున్నది.